కొత్త పలక

అక్షరాభ్యాసం నాడు తెలుగు బిడ్డ చేతికి మొదట అందే విద్యాసాధనం పలక. పళ్ళెంలో పోసిన బియ్యంలో చూపుడువేలితో ఓనమాలు దిద్దించిన పిమ్మట, పసుపు కుంకుమలు అద్దిన పలకను ఒడిలో ఉంచి, చేతికి బలపమిచ్చి, పెద్దలు ఆ చిన్ని పిడికిలిని తమ పిడికిట పట్టి అక్షరం రాయిస్తారు. పుస్తకం ఆ తరువాతి మాట. తరతరాలుగా ఎందరో బాలబాలికల చదువు ఆ నల్లని రాతిపలక మీదనే మొదలైంది. రాసినదంతా తుడిచివేయడానికి వీలు కావడం దాని గొప్ప సుగుణం. తప్పు రాసిన పిల్లవాడు అరచేతితో ఒక్కసారి రుద్దితే చాలు, తప్పు మాయమై పలక మళ్ళీ కొత్తదవుతుంది.

పలక అనగానే మన ప్రాంతంలోని పెద్దలకు స్ఫురించే ఊరు మార్కాపురం. నల్లమల కొండలకు చేరువగా, వానలు తక్కువైన నేలలో ఉన్న ఆ పట్టణం చుట్టుపక్కల పలకరాతి గనులు ఉన్నాయి. గనిలో నుండి తీసిన రాతిని పొరలు పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడి పలక తయారవుతుంది. ఒకప్పుడు అక్కడి పలకలు దూరదూరాల బడులకు చేరేవి. కాగితం చవకై నోటుపుస్తకాలు వాడుకలోకి వచ్చాక రాతిపలకకు గిరాకీ తగ్గింది. పిల్లల ఒడిలో ఉండవలసిన రాయి ఇళ్ళ గోడలకు, నేలలకు అలంకారంగా మారింది.

ఆ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయుని తండ్రి పలకల పనివాడు. రాతి దుమ్ము మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, దగ్గుతూనే కొడుకును చదివించాడు. తన చేతులతో నునుపు చేసిన పలకల్లో మచ్చలేని దానిని ఒకటి కొడుకు కోసం తీసి ఉంచేవాడు. ఆ పలక మీదనే ఆ బాలుడు ఎక్కాలు నేర్చుకున్నాడు. ఎక్కం తప్పినప్పుడు పంతులుగారు దగ్గరికి వచ్చేలోగా పలకను గుండెలకు హత్తుకునేవాడు. చొక్కా రాపిడికి తప్పు చెరిగిపోయేది. అయితే పంతులుగారికి ఆ కిటుకు తెలియనిది కాదు. చొక్కాకు అంటిన బలపపు తెలుపును చూసి, “ఏం తుడిచావురా? తుడిచినది మళ్ళీ రాసి చూపించు” అనేవారు. కోపం లేని ఆ మాట వింటే బాలునికి ప్రాణం చచ్చిపోయినట్లుండేది. కాని తప్పును మళ్ళీ రాసి చూపించిన ప్రతిసారీ అతనికి ఏదో ఒకటి తెలిసివచ్చేది. తాను గణితోపాధ్యాయుడు కావడానికి ఆ మాటే మూలమని అతడు పెద్దయ్యాక గ్రహించాడు.

కాలం మారింది. 2022వ సంవత్సరం డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడులలోని 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీని ప్రారంభించింది. 4 లక్షల 50 వేలకు పైగా విద్యార్థులకు, వారితో పాటు ఉపాధ్యాయులకు వాటిని ఇవ్వాలని నిర్ణయించింది. 8.7 అంగుళాల తెర గల ఆ పరికరంలో పాఠాలు దృశ్యరూపంలో, ఇంగ్లీషులోను తెలుగులోను ముందే నింపి ఉంచారు. అందువల్ల అంతర్జాలం అందని ఊళ్ళో సైతం అవి తెరుచుకునేవి. కొద్ది రోజులకు ఈ ఉపాధ్యాయుని పాఠశాలకు కూడా అట్టపెట్టెలు చేరాయి.

పిల్లల సంతోషానికి అవధులు లేవు. మనుమరాలితో బడికి వచ్చి, సంతకం పెట్టవలసిన చోట వేలిముద్ర వేసిన ఒక అవ్వ, అందరూ “ట్యాబ్లెట్లు, ట్యాబ్లెట్లు” అనడం విని, “మా పిల్లకు జబ్బేమీ లేదే సారూ, మాత్రలెందుకు?” అని అడిగింది. అక్కడున్నవారంతా నవ్వారు. ఉపాధ్యాయుడు కూడా నవ్వి, “ఇది మింగే మాత్ర కాదవ్వా, పలక. ఇంగ్లీషులో పలకకు అదొక పేరు” అన్నాడు. ఆ మాట అన్న తరువాత అతడే ఒక క్షణం ఆలోచనలో పడ్డాడు. నిజమే, టాబ్లెట్ అనే పదానికి రాసుకునే పలక అనే అర్థం ఎంతో పాతది. తండ్రి రాతిపొరను నునుపు చేసిన ఊళ్ళోకే గాజుతెర పలక వచ్చింది. ముసలమ్మ సందేహం కూడా పూర్తిగా తోసివేయదగినది కాదనిపించింది. మాత్ర ఇచ్చేముందు వైద్యుడు జబ్బేమిటో తెలుసుకుంటాడు. మరి ఈ పలక ఏ లోపానికి మందు?

ఆ ప్రశ్న అతనికి కొత్తది కాదు. బాలల చేతికి గణనయంత్రం అందించాలనే కల చాలా పాతది. అమెరికా శాస్త్రవేత్త ఆలన్ కే 1972లోనే, పుస్తకమంత పరిమాణంలో ఉండి పిల్లలు తమ వెంట తీసుకుపోగల యంత్రాన్ని ఊహించి, దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. మన దేశంలో 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ అనే చవక ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. విద్యార్థుల కోసం ఉద్దేశించిన ఆ పరికరాన్ని హైదరాబాదులో కూర్చారు. ఆశ ఆకాశమంత ఉన్నా, మందకొడి నడక, మొండికేసే తెర, త్వరగా అడుగంటే బ్యాటరీ దానిని నిలవనీయలేదు.

పరికరం మంచిదైనంత మాత్రాన చదువు వస్తుందా? దక్షిణ అమెరికాలోని పెరూ దేశం లక్షలాది పిల్లలకు చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. అక్కడి గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం, గణితంలోను భాషలోను పిల్లల ఫలితాలు మెరుగుపడిన జాడ లేదని తేల్చింది. 2013లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర పాఠశాలలు ప్రతి విద్యార్థికీ ట్యాబ్లెట్ ఇవ్వాలని పూనుకున్నాయి. ఇచ్చిన కొద్ది రోజులకే ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు వాటిలోని కట్టుబాట్లను ఛేదించి తమకు నచ్చినవి చూడసాగారు. మరుసటి ఏడాది ఆ కొనుగోలు ఒప్పందమే ఆగిపోయింది. పాఠశాలల్లో తెరల వాడకానికి పేరుపొందిన స్వీడన్ 2023లో అచ్చుపుస్తకాల కొనుగోలుకు ప్రత్యేకంగా నిధులు కేటాయించి, పిల్లలను తిరిగి కాగితం వైపు మళ్ళించసాగింది.

ఉపాధ్యాయునికి ఈ సంగతులలో కొన్ని తెలుసు. అందుచేత అతడు ట్యాబ్‌ను చూసి పొంగిపోలేదు, అలాగని చీదరించుకోనూ లేదు. మొదటి వారం అతని అనుమానాలే నిజమయ్యాయి. ఇద్దరు బాలురు తాళం వేసిన ద్వారాలు తెరిచే ఉపాయం కనిపెట్టి, చివరి బెంచీలో సినిమా చూస్తూ దొరికిపోయారు. ఒకరి ట్యాబ్‌ను ఇంట్లో తమ్ముడు నేలకేసి కొట్టాడు. మరొకరు ఛార్జింగు పెట్టడం మరచి వచ్చారు. తరగతి గదిలో విద్యుత్ సాకెట్లు రెండే రెండు. సినిమా చూసిన బాలురను అతడు దండించలేదు. మరునాడు వారిద్దరినీ తరగతి ట్యాబ్‌లన్నింటి బాగోగులు చూసే బాధ్యులుగా నియమించాడు. ఆ తాళాలు తీసిన నేర్పు ఆ పనికి బాగా అక్కరకు వచ్చింది.

రెండవ వారం నుండి అతడొక పద్ధతి పెట్టుకున్నాడు. వారానికి రెండు పీరియడ్లు పిల్లలు ట్యాబ్‌లో పాఠం చూసి, దాని కింద ఉన్న అభ్యాసం చేయాలి. ఎవరి చెవులకు వారు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరి వేగంతో వారు సాగాలి. అర్థం కాని చోట వెనక్కి జరిపి ఎన్నిసార్లయినా చూడవచ్చు. నలుగురి ఎదుట “మళ్ళీ చెప్పండి సార్” అని అడగడానికి సిగ్గుపడే పిల్లలకు అది పెద్ద వరమే. కదలని బొమ్మలతో బోధపడని ఘనాకృతులు తెర మీద తిరుగుతూ తమ ఆరు ముఖాలూ చూపించేవి. ఇవన్నీ అతడు ఊహించినవే.

ఊహించనిది మరొకటి జరిగింది. ఇరవై ఏళ్ళుగా తరగతిలో అతని ముఖం నల్లబల్ల వైపు, వీపు పిల్లల వైపు ఉండేది. లెక్క రాయాలి, వివరించాలి, తుడవాలి, మళ్ళీ రాయాలి. నలభై నిమిషాలు అలాగే గడిచిపోయేవి. ట్యాబ్ పీరియడ్‌లో మాత్రం పాఠం చెప్పే పని తెర తీసుకున్నది. మొదటిసారిగా అతని చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులతో ఏం చేయాలో తోచక అతడు బెంచీల మధ్య నడవసాగాడు. నడుస్తూ ఒక్కొక్క భుజం మీదుగా చూడసాగాడు. సరిగ్గా తన చిన్ననాటి పంతులుగారు పలకలు చూస్తూ తిరిగినట్లు!

అలా నడుస్తున్న ఒకనాడు, కిటికీ పక్కన మూడవ బెంచీలో కూర్చున్న ఒక బాలిక అతని అడుగుల చప్పుడు వినగానే ట్యాబ్‌ను చప్పున గుండెలకు హత్తుకున్నది.

ఉపాధ్యాయుడు ఆగిపోయాడు. ఆ కదలిక అతనికి కొత్తది కాదు. ముప్పై ఐదేళ్ళ కిందటి తన చొక్కా, దానికంటిన తెలుపు ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి. అయితే ఈ పలక చొక్కా రాపిడికి చెరిగేది కాదు. “చూపించమ్మా” అన్నాడు. బాలిక తల వంచుకుని తెర చూపించింది. పదికి పది మార్కులు!

అతనికి ఆశ్చర్యం కలిగింది. పదికి పది వచ్చినప్పుడు దాచుకోవడం ఎందుకు? ఆ బాలిక నెమ్మదస్తురాలు. ఆమె నోటుపుస్తకం తరగతిలో అందరికంటె శుభ్రమైనది. నల్లబల్ల మీది లెక్కలు పొల్లుపోకుండా అందులో ఉండేవి. ఆ పుస్తకంలో అతడెన్నోసార్లు ‘బాగుంది’ అని రాసి సంతకం చేశాడు. అతడు ఆమె పక్కనే బెంచీ మీద కూర్చుని, “మళ్ళీ చేయి, నేను చూస్తాను” అన్నాడు. బాలిక ప్రశ్న చదవలేదు. నాలుగు జవాబులలో మొదటిదాన్ని వేలితో తాకింది. ఎర్రరంగు వచ్చింది. రెండవది తాకింది, మళ్ళీ ఎరుపు. మూడవది తాకగానే పచ్చరంగు వచ్చింది. ఆ రంగుల వరుసను గుర్తుంచుకుని అభ్యాసాన్ని మళ్ళీ మొదటి నుండి చేస్తే పదికి పది!

ఉపాధ్యాయునికి కోపం రాలేదు, భయం వేసింది. నోటుపుస్తకం ఇన్నాళ్ళూ తనను మోసగించింది. ఇప్పుడు యంత్రం కూడా అదే చేయబోయింది. ఒక కాగితం తీసి దాని మీద 1/2 + 1/3 అని రాసి ఆమె ముందుంచాడు. బాలిక క్షణంలో 2/5 అని రాసింది.

“ఎలా వచ్చింది తల్లీ?”

“పైవి పైన కలిపాను, కిందివి కింద కలిపాను సార్.”

ఆమె గొంతులో దాపరికం లేదు. తనకు తెలిసినది అదే. ఎనిమిదవ తరగతి బీజగణితం నేర్చుకోవలసిన ఆ పిల్లకు భిన్నాలు తెలియవు. భిన్నమే తెలియని పిల్లకు సమీకరణం తెలిసేదెలా? పునాది లేని ఇంటికి తాను ఏడాదిగా సున్నం వేస్తున్నాడన్నమాట.

భిన్నాలు ఎక్కడ తప్పిపోయాయో తెలుసుకోవడానికి అతనికి ఎక్కువ సమయం పట్టలేదు. ఆ మెట్ట ప్రాంతంలో వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఎన్నో కుటుంబాలు సంక్రాంతి దాటగానే మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. నాలుగవ తరగతిలో ఒకసారి, ఐదవ తరగతిలో ఇంకొకసారి ఆ బాలిక తల్లిదండ్రుల వెంట వెళ్ళింది. రెండవసారి తిరిగి వచ్చేనాటికి, అంటే 2020 మార్చిలో, కోవిడ్ కారణంగా బడులు మూతపడ్డాయి. దూరదర్శన్‌లోను ఫోన్లలోను పాఠాలు వచ్చాయి గాని, ఆ ఇంట్లో రెండూ లేవు. బడి తెరిచేసరికి ఆమె పై తరగతిలో ఉన్నది. తరగతి మారింది గాని చదువు మారలేదు. అప్పటి నుండి ఆమె బతుకుతెరువు అందమైన చేతిరాతే. తెలియదని ఎవరికీ తెలియనీయకుండా మూడేళ్ళు నెట్టుకొచ్చింది. పదవ తరగతి అంటూ ఒకటి వస్తుందని, అక్కడ చేతిరాత కాపాడదని ఆమెకు తెలుసు. అందుకే ఎనిమిదితో చదువు మానేసి అమ్మతో పాటు కోతలకు పోతానని అవ్వతో అప్పటికే చెప్పి ఉన్నది.

ఉపాధ్యాయుడు కాగితం మీది లెక్కను పక్కనపెట్టి అడిగాడు. “మిరప చేలో మీ అమ్మ అర బస్తా కాయలు కోసిందనుకో. నువ్వు బస్తాలో మూడో వంతు కోశావు. రెండూ కలిపితే అర బస్తా కంటె ఎక్కువా, తక్కువా?”

బాలిక అలాంటి ప్రశ్న అడిగినందుకే వింతపడినట్లు, “ఎక్కువే సార్. అమ్మదే అర బస్తా ఉంది కదా!” అన్నది.

“మరి నువ్వు రాసిన 2/5? బస్తాను అయిదు పాళ్ళు చేసి రెండు పాళ్ళు తీసుకుంటే, అది అర బస్తా కంటె ఎక్కువా, తక్కువా?”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వేళ్ళు ముడిచి, విప్పి లెక్క చూసుకున్నది. ఉన్నట్లుండి ముఖం పైకెత్తి, “తక్కువ సార్! నా కాయలు కలిపితే అమ్మ కాయలు తగ్గిపోయాయి!” అన్నది. తాను చేసిన తప్పును తానే చూసి నవ్విన నవ్వు అది. ఆ పూట వారు బస్తాను ఆరు పాళ్ళు చేశారు. అందులో అమ్మవి మూడు పాళ్ళు, కూతురివి రెండు పాళ్ళు, కలిసి ఆరింట అయిదు పాళ్ళు అయ్యాయి. జవాబు 5/6 అని రాసేటప్పుడు బాలిక చేయి వణకలేదు.

ఆ రోజు సాయంత్రం ఉపాధ్యాయుడు ఇంటికి పోయి తనను తాను ప్రశ్నించుకున్నాడు. తెర ఆమె జవాబు తప్పని ఎర్రరంగుతో పదే పదే చెప్పింది, కాని “ఎలా వచ్చింది తల్లీ?” అని అడగలేదు. అలాగని తెరను నిందించగలడా? ఇరవై ఏళ్ళుగా నల్లబల్ల ముందు నిలబడిన తాను మాత్రం ఎంతమందిని అలా అడిగాడు? నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న అడిగే తీరికను అతనికి ఇచ్చినది ఆ తెరే.

ఈ సత్యాన్ని బలపరిచే అధ్యయనం మన దేశంలోనే జరిగింది. ఢిల్లీలోని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, బడి వేళల తరువాత కంప్యూటర్ సాయంతో చదువు నేర్పే కేంద్రాలకు ఉచితంగా పంపారు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ ఫలితాలను పరిశీలించి 2019లో ప్రకటించారు. ఆరవ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండు తరగతులకు పైగా వెనుకబడి ఉన్నారని, తరగతి పెరిగేకొద్దీ ఆ దూరం కూడా పెరుగుతున్నదని వారు గమనించారు. నాలుగున్నర నెలలలో కేంద్రానికి ఎంపికైన పిల్లలు గణితంలోను హిందీలోను మిగిలినవారి కంటె స్పష్టంగా ముందుకు వెళ్ళారు. అక్కడి యంత్రం పిల్లవాని తరగతిని బట్టి పాఠం చెప్పలేదు. అతడు నిజంగా ఏ మెట్టు మీద ఉన్నాడో పరీక్షించి, ఆ మెట్టు నుండే మొదలుపెట్టింది. రోజుకు గంటన్నర చదువులో సగం సమయమే యంత్రంతో గడిచేది. తక్కిన సగం ఒక మనిషి చిన్న బృందంగా పిల్లలను కూర్చోబెట్టుకుని నేర్పేవాడు. పెరూలో పరికరాన్ని పంచారు. ఢిల్లీలో పిల్లవాడు నిలిచిన చోటును వెతికారు. రెండు ఫలితాల మధ్య వ్యత్యాసానికి ఇది ఒక ముఖ్యకారణం.

ఈ బాలిక ట్యాబ్‌లో నాలుగవ తరగతి పాఠాలు లేవు. అందువల్ల ఉపాధ్యాయుడు పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుండి పాత గణిత పుస్తకం అడిగి తెచ్చాడు. బడి గంట కొట్టడానికి ముందు ఇరవై నిమిషాలు వేపచెట్టు కింద ఆమెకు భిన్నాలు చెప్పసాగాడు. మూడవ రోజుకు ఆమె పక్కన మరో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వారం తిరిగేసరికి పదకొండు మంది అయ్యారు. దాచుకున్నవారు ఆమె ఒక్కతే కాదని అప్పుడు తెలిసింది.

ఇంతలో సంక్రాంతి వెళ్ళింది. ఫిబ్రవరిలో ఒక సోమవారం కిటికీ పక్క మూడవ బెంచీలో చోటు ఖాళీగా కనిపించింది. కుటుంబం కోతలకు వెళ్ళిపోయింది. ఎనిమిదితో చదువు మానేస్తానన్న మాట ఉపాధ్యాయుని చెవిలో గింగురుమంది. ట్యాబ్ కూడా ఆమె వెంటే వెళ్ళింది. “ఇక అది తిరిగిరాదు” అన్నారు తోటి ఉపాధ్యాయులు. పరికరం పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, పిల్ల పోతే తేగలమా అని అతడు మనసులో కుమిలిపోయాడు.

మూడు వారాల తరువాత ఒక ఉదయం ఆమె వేపచెట్టు కింద కూర్చుని కనిపించింది. చేతివేళ్ళు మిరప ఘాటుకు మంటలెక్కి ఎర్రగా ఉన్నాయి. ట్యాబ్ తెరకు ఒక మూల బీట పడింది. కోతల కాడ వేసుకున్న గుడిసెలో కరెంటు లేదనీ, చేను ఆసామి ఇంట్లో రెండు రోజులకొకసారి ఛార్జింగు పెట్టించుకున్నాననీ, సాయంత్రం పూట ఒక్కొక్క పాఠం చూశాననీ చెప్పింది. సంచిలో నుండి ఒక నోటుపుస్తకం తీసింది. అందులో ఇంతకు ముందున్న చక్కదనం లేదు. నిండా కొట్టివేతలే! ప్రతి కొట్టివేత పక్కనా చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. ఉపాధ్యాయుడు దగ్గరగా పెట్టుకుని చదివాడు. తన జవాబు ఎందుకు తప్పిందో ఆమె తనకు తోచినంత రాసుకున్నది. తోచని చోట ‘సార్‌ను అడగాలి’ అని రాసుకున్నది. అటువంటివి పదిహేడు ఉన్నాయి. శుభ్రమైన పుస్తకాన్ని మెచ్చుకుంటూ వచ్చిన ఉపాధ్యాయుడు, ఆ మాసిన పుస్తకం మీద ‘బాగుంది’ అని రాయబోయి, ఆ మాట చాలదనిపించి కలం మూసివేశాడు. పదిహేడు ప్రశ్నలలో మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఆ తరువాత చెప్పుకోదగ్గ అద్భుతాలేవీ జరగలేదు. 2024లో ప్రభుత్వం మారింది. పాఠాలు సమకూర్చిన సంస్థ అదే ఏడాది దివాలా విచారణను ఎదుర్కొన్నది. పిల్లల చేతిలోని ట్యాబ్‌లు కూడా ఒక్కొక్కటే పాతబడ్డాయి. కొన్నింటి బ్యాటరీలు ఉబ్బాయి, కొన్నింటి తెరలు పగిలాయి. యంత్రాల ఆయుష్షు అంతే. బాలిక మాత్రం బడి మానలేదు. 2025 మార్చిలో పదవ తరగతి పరీక్షలు రాసి ఉత్తీర్ణురాలైంది. గణితంలో వచ్చిన మార్కులు పత్రికలకెక్కేవి కావు గాని, వాటిలో ఒక్కటి కూడా రంగుల వరుసను గుర్తుపెట్టుకుని సంపాదించినది కాదు.

నేటి విద్యార్థుల చేతుల్లో ఎన్నో తెరలు ఉన్నాయి. ప్రశ్న అడిగిన మరుక్షణమే జవాబు చెప్పగల యంత్రాలు కూడా వచ్చాయి. జవాబు దొరకడం ఇంత సులభమైన కాలంలో, తనకు తెలియనిది ఏదో తెలుసుకుని దానిని నిర్భయంగా చూపగలగడం మరింత విలువైన విద్య. గురువు ముందు, స్నేహితుని ముందు, అన్నిటికీ మించి తన ముందు తప్పును దాచుకోని విద్యార్థికి రాతిపలకైనా గాజుపలకైనా ఉపకరిస్తుంది. దాచుకునేవానికి ఏ పలకా ఏమీ నేర్పలేదు.

ఆ పాఠశాలలో గణితోపాధ్యాయుని బల్ల మీద తండ్రి చేసిన రాతిపలక ఒకటి ఇప్పటికీ ఉంటుంది. ట్యాబ్ పీరియడ్లు ఆగిపోయినా అతడు నల్లబల్లకు వీపు తిప్పి బెంచీల మధ్య నడవడం మానలేదు. పాఠంలో సగం వేళ పిల్లలు లెక్క చేస్తుంటారు, అతడు చూస్తూ తిరుగుతుంటాడు. ఎవరైనా పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంటే అక్కడ ఆగుతాడు. బెంచీ మీద కాస్త చోటు చేసుకుని కూర్చుని, “ఏం తుడిచావమ్మా? మళ్ళీ రాసి చూపించు” అంటాడు.